బోసి పొత్తులు

అక్కయ్యకు, సువోన్ నుంచి తమ్ముడు ఇన్‌సోక్ నమస్కారాలు.

ఫోన్లో నీకు వినబడదు కాబట్టి రాస్తున్నాను. రైలు నడిపే ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చోవడమే పెద్ద ఉద్యోగమైంది. నువ్వు పంపిన తీపి మొక్కజొన్న గింజలు పెరట్లో నాటాను. నా ఎత్తు దాటాయి. వచ్చే నెల నాన్న తద్దినానికి నా పొత్తులే పెట్టాలి. "వీడి చేతిలో మిరప మొక్క కూడా బతకదు" అని పోయేదాకా అన్నాడుగా. ఫొటోలోంచైనా చూడనీ.

ఇట్లు, ఇన్‌సోక్

తా.క. పొట్లంలో మొక్కజొన్న పీచు ఉంది. మరగబెట్టి తాగు, కాళ్ళ వాపు తగ్గుతుంది.

చిరంజీవి ఇన్‌సోక్‌కు అక్క దీవెనలు.

ఈ వయసులో పొలమెందుకని ఊరంతా అడుగుతుంది. కలుపు తీసిపెడతానని ఒక్కరూ అనరు. అలిసిపోయానురా. మొక్కల్ని గోడ వెంట ఒకే వరసలో నిలబెట్టలేదు కదా? గుంపుగా ఉంటేనే గింజ కడుతుంది.

ఇట్లు, నడుం పట్టేసిన అక్క

తా.క. టీ బాగా పనిచేసింది. కాళ్ళు చెప్పుల్లో పడుతున్నాయి. ఇంకా పంపు, ఖర్చుకి చూడకు.

అక్కయ్యకు నమస్కారాలు.

గుంపుగానే నాటాను. ఇవాళ ఒక పొత్తు వలిచాను. ఒక్క గింజ లేదు, ముసలివాడి బోసినోరులా ఉంది. ఇంకోటి వలిచాను, అదీ అంతే. పక్కింటాయన గోడమీంచి చూసి, "మీ అక్కగారు మురిగిన విత్తనాలు పంపారండీ" అన్నాడు. నేననలేదు, ఆయనన్నాడు. అయినా అడుగుతున్నాను, అవి ఏ ఏటివి?

ఇట్లు, నాన్నకి ముఖం చూపించలేని ఇన్‌సోక్

తా.క. కోపంగా ఉన్నా పొట్లం పంపుతున్నాను. ఈసారి పెద్దది.

ఇన్‌సోక్‌కు. దీవెనలు ఈసారి లేవు.

మురిగిన విత్తనాలా? అదే సంచిలోవి ఇక్కడ నాటితే అడవి పందులు మెచ్చుకుని మరీ తినిపోయాయి. అంత నమ్మకముంటే ఆ పక్కింటాయన్నే అక్కా అని పిలుచుకో. తద్దినానికి నేను రాను. మూడు బస్సులు మారి మాటలు పడే ఓపిక నాకు లేదు.

మల్‌సున్

తా.క. ఆ టీ ఏ కొట్లోదో రాయి. ఇక్కడి ఆడవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు.

అక్కయ్యా,

నోరు జారాను. పొత్తులు లేకపోతే పోనీ, నువ్వు రాకపోతే ఆ ఫొటో ముందు నేనొక్కణ్ణే ఏం చెప్పుకోను? మనిద్దరమే కదా మిగిలాం. రా.

ఇన్‌సోక్

తా.క. కొట్టేమిటి? మన మొక్కలదే! లేతగా ఉన్నప్పుడే మందుగుణమట. అందుకని పీచు బయటికి రాగానే రోజూ పొద్దున్నే ఒక్క పొత్తూ వదలకుండా పీకేశాను. మళ్ళీ వస్తే మళ్ళీ పీకాను.

ఒరేయ్ ఇన్‌సోక్,

నీ ఉత్తరం చదివి నవ్వలేక నడుం పట్టుకుని కూర్చున్నాను. ఆ పీచులో ఒక్కో పోగుకి ఒక్కో గింజరా పిచ్చివాడా! పైనున్న పూత పొడి ఆ పోగు మీద పడితేనే లోపల గింజ పుడుతుంది. నువ్వు పడనిస్తేగా? నీ పంటంతా నేనే తాగేశాను.

తద్దినానికి వస్తున్నాను. ఒక పొట్లం మిగిలింది, తెస్తాను. నాన్న ఫొటో ముందు ఆనవాయితీగా పెట్టే మద్యం గిన్నె పక్కన ఆ టీ కూడా పెడదాం. "నీ కొడుకు పండించాడు, దాంతోనే నీ కూతురు నడిచొచ్చింది" అని నేనే చెప్తాను. ఆయన నా మాట కాదనడు.

ఇట్లు, నిండా దీవెనలతో అక్క

తా.క. బస్సు దగ్గరికి మీ ఇంట్లో వదిలేసిన నా పాత చెప్పులు పట్టుకురా. వాపుకని కొన్న పెద్ద చెప్పులు దారిలోనే జారిపోయేలా ఉన్నాయి.