తడక అవతలి సీమకుక్క

మొగిలిగెడ్డ పంచాయతీ ఆఫీసు,
4-4-1968.

కీర్తిశేషులు నరసింగరావు గారి భార్య, జీడితోట యజమానురాలు శ్రీమతి దాలమ్మ గారికి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు తెలియజేయునది ఏమనగా:

సెలవులో ఈ ఊరికి వచ్చిన ఒక రైల్వే గార్డు గారి బుల్‌డాగు మన ప్రెసిడెంటు గారి మామగారిని కూర్చునే చోట కరిచిన దరిమిలా, పంచాయతీ వారు ఒక తీర్మానము చేసియున్నారు. దాని ప్రకారము అపాయకరమైన సీమజాతి కుక్కలను పెంచువారు లైసెన్సు పొందవలెను. కుక్క మెడకు రేకు బిళ్ళ, మూతికి చిక్కము, వాకిట హెచ్చరిక బోర్డు ఉండవలెను. ఊరిలో దండోరా వేయబడును. నాటుకుక్కలకు ఇవి వర్తించవు. లైసెన్సు లేని సీమకుక్కను పంచాయతీ వారే చంపించెదరు.

తమ తోటలో మిక్కిలి భయంకరమైన కుక్క కలదని తమ మరిది జగన్నాధం గారు ఫిర్యాదు చేసియున్నారు. దాని అరుపునకు బెదిరి పరుగెత్తగా వారి పంచె చిరిగినదట. కావున కుక్క జాతి, రంగు, వయస్సు వెంటనే తెలుపవలెను.

ఇట్లు,
గణపతిరావు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు.

తా.క.: ఈ నోటీసును బంట్రోతు జోగయ్య తమ చేతికి ఇవ్వడు. వెదురుకర్ర కొసన గుచ్చి దడి మీదుగా అందించును. మన్నించవలెను.

*

జీడితోట,
6-4-68.

మహారాజశ్రీ ఆఫీసరు బాబు గారికి దాలమ్మ నమస్కారాలు. ఇది ఎవరిచేతా రాయించింది కాదు, నేను రాసిందే.

మీ నోటీసు కర్ర కొసన వచ్చింది. "ఏటి జోగయ్యా, సేతికివ్వకూడదేటి?" అన్నాను. "నాకు పిల్లలున్నారమ్మా, నాను రాను" అని కర్ర కూడా వదిలేసి పోయాడు. ఆ కర్ర ఆఫీసుదా, వాడిదా?

ముందు నాకొక సంగతి చెప్పండి. మా మరిది ఇల్లు ఊరికి ఆ చివర. నా తోట ఈ చివర. మధ్యన పారే గెడ్డ ఉంది. ఇక్కడి అరుపుకి అక్కడి మనిషి పంచె ఎలా చిరుగుతుంది? ఆయన పంచె ముక్క నా దడి ముళ్ళకే ఉంది, అదీ లోపలి వైపు. జీడిపిక్కలు రాలే రోజుల్లో లోపలి వైపు ఆయనకేం పని? ముక్క ఉతికి దాచాను, కావాలంటే పంపిస్తాను.

మా ఆయన ఖరగ్‌పూర్‌లో దొర బంగళాలో వంట చేసి, కూడబెట్టుకొచ్చి వేసిన తోట ఇది. ఆయన పోయిన నెల తిరక్కుండానే జగన్నాధం పెద్దల్ని కూర్చోబెట్టి "ఆడకూతురు, ఒక్కర్తీ తోట ఏటి కాస్తాది? నాకిచ్చీమనండి" అన్నాడు. ఈ పంట చూసి చెబుతామన్నారు పెద్దలు. పిక్కలు పోయాయంటే తోటా పోయినట్టే. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఫిర్యాదు ఇచ్చినవాడు ఎలాంటివాడో మీకు తెలియాలని.

జాతి, రంగు, వయస్సు నన్నడుగుతారేమిటి బాబూ? చూశామన్న వాళ్ళని అడగండి.

ఇట్లు,
దాలమ్మ.

తా.క.: దండోరా మన ఊళ్ళోనేనా, పక్క ఊళ్ళలో కూడా వేస్తారా? అపాయం ఎక్కువైతే ఎక్కువ ఊళ్ళలో వేస్తారా?

*

పంచాయతీ ఆఫీసు,
8-4-68.

శ్రీమతి దాలమ్మ గారికి,

తమ ఉత్తరము చదివి నాకు తీవ్రమైన అనుమానము కలిగినది. ఈ రూలు వచ్చినది మొదలు ఊరిలో ప్రతివారు తమ కుక్క గోవు వంటిదనియే చెప్పుచున్నారు. గార్డు గారైతే ఆ బుల్‌డాగును పందిపిల్ల అని వాదించి రైలెక్కించుకుపోయినారు. దండోరా గట్టిగా వేయుమని అడిగినవారు తాము ఒక్కరే. దీనిలో ఏదో ఉన్నది.

తమ సలహా ప్రకారము చూచినవారిని విచారించితిని. మేకల గంగులు అది దూడంత ఉన్నదనియు, నల్లనిదనియు చెప్పినాడు. తాటిచెట్టుపై నుండి చూచిన కూర్మయ్య ఎర్రనిది అన్నాడు. ఇద్దరును అమ్మవారి మీద ప్రమాణము చేసినారు. కావున తమ వద్ద రెండు కుక్కలు కలవని భావించవలసి వచ్చుచున్నది. ఒకదానిని చెప్పి ఒకదానిని దాచుట నేరము. అసలు తాము ఒకదానిని కూడ చెప్పలేదు.

వచ్చే సోమవారము కుక్కను ఆఫీసులో హాజరు పరచవలెను.

ఇట్లు,
గణపతిరావు.

తా.క.: రెండు చిక్కములు వేసి తేవలెను. నేను లోపలి గదిలో తలుపు వేసుకొని కిటికీ గుండా చూచెదను.

*

జీడితోట,
10-4-68.

ఆఫీసరు బాబు గారికి దాలమ్మ నమస్కారాలు.

గంగులుకి పొద్దుగూకితే ఎదురుగా ఉన్న మేక కనపడదు. కూర్మయ్య చెట్టు దిగేముందు ముంత ఖాళీ చేసే దిగుతాడు. వాళ్ళిద్దరూ కలిసి నాకు రెండు కుక్కలు అంటగట్టారు. ఇంకో ఇద్దర్ని అడిగితే నాలుగవుతాయి.

హాజరు పరచమన్నారు. అది నావల్ల కాదు బాబూ. మా ఎడ్ల చిక్కం చూరులో వేలాడుతూనే ఉంది, కానీ ఎవరి మూతికి కట్టమంటారు? అది నాకు చేతనైన పనేనా?

జాతి అంటారా, ఖరగ్‌పూర్‌లో దొర బంగళాలో అల్సేషన్ అని ఒకటి ఉండేది. గుమ్మంలో నిలబడి ఒక్కసారి అరిచిందంటే పాలవాడు బిందెతో సహా కింద పడేవాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంతకంటే నన్నేమీ అడక్కండి.

మీరు నన్ను అనుమానించారు కనుక నాకూ మీమీద ఒక అనుమానం ఉందని చెప్పుకోవాలి. మా మరిది మీ ఇంటికి పనసకాయ పంపించాడని విన్నాను. ఉట్టి పుణ్యానికి ఎవరి గోరుచుట్టుకీ సున్నం కూడా పెట్టని మనిషి ఆయన.

ఇట్లు,
ఒక కన్నేసి ఉంచిన దాలమ్మ.

తా.క.: తొనలు తియ్యగా ఉన్నాయా? ఉంటాయి. అది నా చెట్టు కాయే.

*

పంచాయతీ ఆఫీసు,
12-4-68.

శ్రీమతి దాలమ్మ గారికి,

ప్రభుత్వోద్యోగిపై పనసకాయ నింద మోపుట మిక్కిలి విచారకరము. ఆ కాయను వెంటనే వెనుకకు పంపితిని. మిగిలినంత మేరకు.

కుక్క ఎవరికిని లొంగదని తామే ఒప్పుకొన్నారు. ఎద్దుల చిక్కము కూడ పనికిరానంత మూతి అయినచో దాని శరీరము ఎంత ఉండునో ఊహించుకొంటిని. ఆ కుక్కను కాల్చుటకు తుపాకీ లైసెన్సు గల మనిషిని తెచ్చెదనని జగన్నాధం గారు రోజూ ఆఫీసు చుట్టూ తిరుగుచున్నారు. ఆయన తొందర చూడగా నాకు ఆయన మీద కూడ అనుమానము కలుగుచున్నది. కావున వచ్చే బుధవారము నేనే స్వయముగా తనిఖీకి వచ్చి, కళ్ళారా చూచి జాతి నిర్ణయించెదను.

ఇట్లు,
గణపతిరావు.

తా.క.: గొలుసు గట్టిదేనా?

రెండవ తా.క.: ఆ గొలుసు కట్టిన స్తంభము కూడ గట్టిదేనా?

*

జీడితోట,
14-4-68.

ఆఫీసరు బాబు గారికి దాలమ్మ నమస్కారాలు.

రండి. తడకకి తాళం లేదు, తోస్తే తెరుచుకుంటుంది. ఇంతవరకూ తోసినవాడు లేడు. గొలుసు మా ఎడ్లది, గట్టిదే. మజ్జిగ చేసి ఉంచుతాను. లోపలికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మీ కళ్ళతో మీరే చూసుకోండి. ఉన్నది ఉన్నట్టు రాయండి చాలు, నేను కాదనను.

ఇట్లు,
దాలమ్మ.

తా.క.: ఇంట్లో మీ ఆవిడ గారికి చెప్పే వస్తున్నారా?

*

పంచాయతీ ఆఫీసు,
18-4-68.

శ్రీమతి దాలమ్మ గారికి ఉత్తర్వు.

నిన్నటి బుధవారము నేను తమ తోట లోపలికి వచ్చి, సదరు కుక్కను సమీపము నుండి నిశితముగా పరిశీలించితిని. ఎత్తు సుమారు మూడడుగులు. రంగు నలుపు, ఎండ పడినచో ఎరుపు. చెవులు నిక్కబొడుచుకొని ఉన్నవి. కళ్ళు నిప్పులు. కుక్క ఒక్కటే. మగది. జాతి అల్సేషన్. అపాయము మొదటి తరగతి.

కావున లైసెన్సు నంబరు ఒకటి తమ పేరున మంజూరు చేయడమైనది. రేకు బిళ్ళ, బోర్డు జోగయ్య కర్ర ద్వారా అందును. మన ఊరిలోను, ఇరుగుపొరుగు ఊళ్ళలోను దండోరా వేయబడును. లైసెన్సు గల కుక్కను కాల్చుట నేరమని జగన్నాధం గారికి తెలియజేయడమైనది. ఈ రిపోర్టు నకలు సమితి బి.డి.ఓ. గారికి పంపడమైనది.

ఇట్లు,
గణపతిరావు.

తా.క.: తనిఖీ అనంతరము తమ తోట దరిని నా చెప్పు ఒకటి జారిపోయినది. కుడికాలిది. దొరికినచో దాచి ఉంచవలెను.

*

జీడితోట,
24-4-68.

ఆఫీసరు బాబు గారికి దాలమ్మ వెయ్యి నమస్కారాలు.

మీ కడుపు చల్లగుండ! దండోరా విన్నాను. "దాలమ్మ తోటలో అల్సేషనూ ఉన్నాదీ, కరిస్తే పంచాయతీకి పూచీ లేదూ" అని జోగయ్య సాగదీస్తూ ఉంటే నాకే ఒళ్ళు జలదరించింది. ఆవేళ నుంచి పిక్క ఒక్కటి పోలేదు. మా మరిది గెడ్డ దాటడం మానేశాడు. పెద్దల్లో ఒకాయన దారిలో కనబడి "ఆ కుక్క ఉండగా నీ తోటకి ఇంకో కాపెందుకే దాలమ్మా" అన్నాడు. వచ్చే వారం శనివారం షావుకారు బండి వస్తుంది, పిక్కలు తూచి పట్టుకెళతాడు. ఆ మర్నాడే పెద్దల తీర్పు.

మీరు కళ్ళారా చూశారు కనుక నేను కలిపేదేమీ లేదు.

ఇట్లు,
దాలమ్మ.

తా.క.: చెప్పు దొరికింది. ఒక్కటే అర్థం కాలేదు. తోట లోపలికి వచ్చి చూశానని రాశారు. చెప్పేమో తడకకి ఇరవై బారల అవతల, ఊరివైపు మొహం పెట్టి ఉంది. మజ్జిగ పిల్లి తాగింది.

*

మొగిలిగెడ్డ,
29-4-68.

పూజ్యురాలు దాలమ్మ గారికి గణపతిరావు నమస్కరించి రాస్తున్నది. ఇది ఆఫీసు ఉత్తరం కాదు, సొంతానిది.

అమ్మా, మన దశ తిరిగింది! నా రిపోర్టు చదివి బి.డి.ఓ. గారు ఎంతో మెచ్చుకున్నారు. ఆయనకి కుక్కలంటే ప్రాణమట. ఆయన దగ్గర ఫ్లోరా అనే ఆడ అల్సేషన్ ఉంది. ఈ జిల్లాలో దానికి తగ్గ సంబంధం దొరక్క రెండేళ్ళుగా బెంగపెట్టుకున్నారు. నేను వర్ణించిన మగకుక్కని చూడడానికి ఈ శుక్రవారం ఫ్లోరాను జీపులో ఎక్కించుకుని స్వయంగా వస్తున్నారు. పెళ్ళిచూపులే అనుకోండి. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అది ఆయన చేతిలో ఉంది. మీ కుక్క చేతిలోనూ ఉంది.

దానికి కాస్త స్నానం చేయించి ఉంచండి.

ఇట్లు,
మీ బిడ్డ లాంటి గణపతిరావు.

తా.క.: నిజం చెప్పండి, అది మగదే కదా? అరుపుని బట్టి రాశాను.

*

జీడితోట,
30-4-68.

చిరంజీవి గణపతిరావుకి దాలమ్మ దీవించి రాస్తున్నది. బిడ్డ లాంటివాడినన్నావు కనుక నువ్వనే రాస్తున్నాను.

నాయనా, ఉన్నచోట కూర్చుని, మంచినీళ్ళు పక్కన పెట్టుకుని ఇది చదువు. నా తోటలో కుక్క లేదు. నల్లదీ లేదు, ఎర్రదీ లేదు, మగదీ లేదు. ఆ అరుపు నాది.

కిందటేడు మా ఆయన పోయిన కొత్తలో దడి అవతల అడుగుల చప్పుడు వినబడింది. "ఎవరది?" అని గొంతు చించుకుని కేక వేశాను. ఊళ్ళోంచి ఒక్కడూ రాలేదు, ఆ అడుగులు కూడా ఆగలేదు. చచ్చే భయం వేసింది నాయనా. అప్పుడు దొర బంగళాలో కుక్క గుర్తుకొచ్చింది. మా ఆయన సరదాకి దానిలా అరిచి నన్ను నవ్వించేవాడు, నాకూ నేర్పాడు. ఖాళీ గోలెంలో తలపెట్టి ఆ అరుపు అరిచాను. అడుగులు పరుగందుకున్నాయి. ఆవేళ నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. అప్పటినుంచీ గోలెంలో నీళ్ళు పోయడం మానేశాను.

నిజం కుక్కని పెంచుకోకపోయావా అంటావు. పెంచాను, నాటుకుక్కని. మా మరిది వేసిన ఎండుచేపలు తిని, తోక ఊపుకుంటూ ఆయన వెనకాలే పోయింది. ఇప్పుడు ఆయన ఇల్లే కాస్తోంది.

నేను అబద్ధమాడానని మాత్రం అనకు. నా ఉత్తరాలన్నీ ముందేసుకుని చూడు, కుక్క ఉందని ఎక్కడా రాయలేదు. తడక తోసి లోపలికి వచ్చి ఉంటే మజ్జిగ ఇచ్చి, కాళ్ళు పట్టుకుని అయినా నిజం చెబుదామనే కూర్చున్నాను. భయానికి ఒక్కసారి అరిచాను, అంతే, నువ్వు ఊరివైపు దౌడు తీశావు. కుక్క ఉందని రాసినవాడివి నువ్వు, కళ్ళారా చూసినవాడివీ నువ్వే. ఇప్పుడు లేదని తేలితే నా తోట ఎంత పోతుందో నీ ఉద్యోగమూ అంతే పోతుంది.

కంగారు పడకు. శుక్రవారం ఆయన్ని తీసుకురా. తడక దాకా రానీ. మిగతాది నేను చూసుకుంటాను. ఇంతవరకూ ఆ తడక తోసినవాడు లేడు, ఆయనా ఆఫీసరే కదా. శనివారం పిక్కలు బండెక్కి, ఆదివారం పెద్దలు మాట చెప్పేశారంటే, సోమవారం ఆ కుక్కకి ఏదో ఒక రోగం తగిలించి నీ చేత్తో నువ్వే సాగనంపు. చూసినవాడివి కనుక ఏడవడం కూడా నీ వంతే.

ఇట్లు,
లైసెన్సు నంబరు ఒకటి, దాలమ్మ.

తా.క.: రేకు బిళ్ళ నా తాళాల గుత్తికి కట్టుకున్నాను. లైసెన్సు నా పేరునే ఉంది కనుక తప్పు లేదనుకుంటాను.

రెండో తా.క.: నీ చెప్పు జోగయ్య కర్రకి తగిలించి పంపుతున్నాను. అడకత్తెరలో పెట్టి నాలుగు చోట్ల బాగా నొక్కాను. పంటిగాట్లు అని బి.డి.ఓ. గారికి చూపించు.

మూడో తా.క.: ఫ్లోరాని మాత్రం జీపు దింపనివ్వకు. ఆఫీసర్లని ఎంతమందినైనా నమ్మిస్తాను గానీ, కుక్కని నమ్మించడం నావల్ల కాదు.