నా మీద పెట్టిన శోకం

మంగళవారం, రాత్రి

ఇవాళ పక్కింటి లచ్చమ్మక్కను కళాకారుల పింఛను కోసం దేవరకొండ ఆఫీసుకు తీసుకెళ్లాను. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా శవం పక్కన కూర్చుని, వాళ్ల బతుకంతా పాటగా కట్టి శోకం పెట్టిన మనిషి. చూపించడానికి ఒక్క ఫోటో లేదు, కాయితం లేదు.

"పాడి చూపెట్టమ్మా," అన్నాడు సారు.

"ఎవరు సచ్చిండ్రని పాడాలె సారూ? బతికున్నోళ్ల ముంగట పాడితే కీడు."

"అయితే పింఛను రాదు."

అక్కకు వేరే ఆధారం లేదు. అయినా లేవబోయింది. నేను బల్ల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాను.

"అక్కా, నేను సచ్చిన. జల్ది కానియ్యి, బస్సు పోతది."

ఆఫీసంతా నవ్వింది. అక్క నవ్వలేదు. నా తల పక్కన కూర్చుని గొంతెత్తింది.

"నవ్వించేటి తమ్ముడా... నా మరదలు యాదమ్మ కడుపునొప్పని ఏడిస్తే నవ్వించి మరిపిస్తివి... దవాఖానకు మాత్రం తోల్కపోకపోతివి..."

సారు కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు.

బస్సులో అక్క అంది, "ఏమనుకోకు తమ్ముడా. శవం ముంగట అబద్ధం పాడరాదు."

"శవాలు ఏమనుకుంటయక్కా," అన్నాను.

నా భార్య యాదమ్మ పోయి మూడేళ్లు. ఆ రోజు కూడా అక్కే శోకం పెట్టింది. అందులో నా తప్పు గురించి ఒక్క ముక్క లేదు. నా మీద జాలి అనుకున్నాను. నా వంతు వచ్చేదాకా దాచిపెట్టిందని ఇవాళ తెలిసింది.