దుప్పటి మీద పడ్డ నింద

బేతంచెర్ల,
మంగళవారం

మహిమా,

తొమ్మిది రోజులుగా నా ఫోను నువ్వు ఎత్తడం లేదు. అత్తకు చేస్తే, "ఉండాది, తింటాండాది" అని పెట్టేస్తోంది. అందుకే పోస్టాఫీసు గుమ్మం ఎక్కాను. చింపే ముందు చివరిదాకా చదువు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక లేవి పాస్టరుగారిని, మా నాపరాళ్ళ పాలిషు ఫ్యాక్టరీ మేస్త్రీ రంగన్నను ఇంట్లో కూర్చోబెట్టి, నా హామ్ రేడియోలో జపాను నేస్తంతో మాట్లాడిస్తానని గొప్పలు పోయాను. అది గుర్రుమనడం కూడా మానేసింది. రంగన్న మెల్లగా, "ఏమప్పా, జపానోళ్ళు యాడికన్నా పోయినారా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మిద్దె మీద ఏరియల్ తీగకు నువ్వు ఆరేసిన తడి దుప్పటి కనబడేసరికి అందరి ముందూ నోరు పారేసుకున్నాను. నువ్వు సంచి సర్దుకుని మైదుకూరు బస్సెక్కావు.

అప్పటినుంచీ ముట్టని రేడియోను నిన్న పెడితే జపానాయన దొరికాడు. ఆ పూట పగలున్న దేశాల్లో గంటసేపు ఇలాంటి రేడియోలన్నీ మూగబోయాయట. మన తరంగాలు పైన ప్లాస్మా అనే కరెంటు పట్టిన పొరకు తగిలి దిగుతాయి కాబట్టే అంత దూరం పోతాయి. ఆ రోజు సూర్యుడి మీద మంట లేచి, పొర అడుగున చిక్కబడి వాటిని మింగేసింది. మజ్జిగలో తిరిగే గరిటె సంగటిలో కూరుకుపోయినట్టు. దుప్పటి పాపం ఏమీ ఎరగదు, నువ్వూ ఎరగవు. తప్పంతా నాది. రంగన్న ముందే క్షమాపణ చెబుతాను, వచ్చెయ్యి.

నీ ఆనందం


మైదుకూరు,
శనివారం

ఆనందం బావా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక, జరిగింది చెప్పి అమ్మ చేతికిచ్చాను. అమ్మ చదివి, "అల్లునిది తప్పేం లేదు, దొంగవి నువ్వే" అంది. నిజమే.

రోజూ పొద్దున్నే జపానాయన్ని, వాళ్ళావిడ మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతావు. నేను జ్వరంతో మూడు రోజులు పడుకుంటే నీకు తెలియనే లేదు. కడుపు మండి, ఆ ఆదివారం మిద్దెక్కి తీగ ఊడదీశాను. కనబడకుండా దుప్పటి కప్పాను. కాసేపటికి నీ ముఖం చూసి జాలేసి మళ్ళీ బిగించాను. అయినా రేడియో పలకలేదు. నావల్లే అది శాశ్వతంగా పాడైందనుకున్నాను. నేను కోపంతో రాలేదు బావా, భయంతో పారిపోయి వచ్చాను. నీ ఫోను మోగినప్పుడల్లా ప్రాణం పోయేది.

రేడియో బాగుందని తెలిశాక అన్నం సయించింది. క్షమాపణ పుచ్చుకునే ముఖం నాకు లేదు. రంగన్నకు మాత్రం ఏమీ చెప్పొద్దు, నింద సూర్యుడి మీదే ఉండనీ, ఆయన మోస్తాడు.

గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాను. స్టాండుకు రా. ఇల్లు చేరేదాకా దారంతా నాతో మాట్లాడాలి. ఏం మాట్లాడాలో తోచకపోతే, ముందే జపానాయన్ని అడిగి రా.

నీ మహిమ