నాన్న వేసిన ముడి

గురువారం రాత్రి, ఆర్యపల్లి

ఎమ్మెస్సీ చదువుతూ బరంపురం ల్యాబులో అప్రెంటిస్‌గా చేరిన ఇన్నాళ్ళకు, సార్ ఈరోజు నా చేత తాబేలును కోయించారు. మన తీరానికే చచ్చి కొట్టుకొచ్చిన ఆడ సముద్రపు తాబేలు. కడుపు నిండా గుడ్లు. మెడకు వల ముక్క బిగుసుకుపోయి ఉంది. దాన్ని విప్పబోయి ఆగిపోయాను. నారింజ రంగు దారంతో అతుకు, ముడి పక్కనే ఇంకో చిన్న ముడి. ఊళ్ళో అలా వేసేది నాన్న ఒక్కడే.

"మీ ఊరి వలేనా?" అని సార్ ఒడియాలో అడిగారు.

తెలియదన్నాను. రికార్డులోనూ అదే రాశాను. వల ముక్కను రేపు ఫారెస్టు వాళ్ళకు పంపుతారట. తాబేళ్ళు వచ్చే ఈ నెలల్లో వల వేయడం నిషేధం. దొరికితే పడవ పట్టుకుపోతారు. పడవ పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ రికార్డులో అబద్ధం రాశాక ఇంక నేను నేర్చుకునేది ఏమిటి?

ఇంటికొచ్చేసరికి నాన్న వాకిట్లో వల అల్లుతున్నాడు.

"ఏటి కోసినావమ్మా ఈయేల?"

"తాబేలు నాన్నా. మెడకి ఒల సుట్టుకుంది."

నాన్న చేతిలో సూది ఆగిపోయింది. నా ముఖంలోకి చూడలేదు.

"గుడ్లున్నాయేటి?" అన్నాడు.

ఉన్నాయన్నాను. అన్నం ముట్టుకోకుండా వెళ్ళి పడుకున్నాడు.