మండలపు అల్లుడు మరల ఇసుక మోయు విషయము

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు, పినాకిని ఆర్థిక ప్రణాళికా సలహా కేంద్రము యజమాని సురేంద్ర వ్రాసుకొను మనవి.

తేదీ: 9-9-2003

అయ్యా,

విషయం: తిప్పయ్య గాడిద మీద ఎవరూ బరువు వేయరాదని తమరు పెండ్లి పందిట్లో సెలవిచ్చిన మాటను రద్దుపరచుట గురించి.

1. మా కేంద్రము జనులకు పొదుపు, బీమా, పిల్లల చదువుల నిమిత్తము సలహాలిచ్చుచు, వచ్చిన ఆదాయములో కొంత ఏటేటా ఊరి మేలుకు వినియోగించుచున్నది. నిరుడు బస్టాండులో అంబలి పోసితిమి. ఈ ఏడు బడికి బెంచీలు ఇద్దామా అని పెద్దలను అడిగితిని. "చేన్లో చెనిక్కాయ పైరు ఎండిపోతాంటే బెంచీలేందప్పా? గాడిదలకు పెండ్లి చెయ్యి, వాన పడతాది" అన్నారు. పదేండ్లుగా జనానికి ముందుచూపు గురించి ఉపన్యాసాలిచ్చిన నేనే పందిరి వేయించితిని.

2. వరుడు, పెన్న ఏటిలో ఇసుక మోయు తిప్పయ్య గారి మగ గాడిద. వధువు, భద్రమ్మ గారి ఆడ గాడిద. తమరు దయచేసి అక్షింతలు వేసి, మైకు పట్టుకొని, "ఈనాటి నుంచి ఇతడు మన మండలానికి అల్లుడు, ఇతని వీపున ఎవరూ బరువు పెట్టరాదు" అని సెలవిచ్చితిరి. తమరు సరసానికి అన్నారని నాకు తెలియును. కానీ సారూ, మూడోనాడే వాన పడింది! దానితో తమరి సరసము సర్కారు ఉత్తర్వు అయిపోయినది.

3. ఇప్పుడు తిప్పయ్య ఇసుక సంచి చేత పడితే చాలు, భద్రమ్మ కొంగు బిగించి వస్తాంది. "ఏమప్పా, మా అల్లునితో కూలి చేయిస్తావా? ఎమ్మార్వో సారు మాటకు విలువ లేదా?" అంటాంది. అల్లుడు గారు మాత్రం ఇంటింటా ఉలవలు తిని నున్నగా తయారై, తిప్పయ్యను చూసి మొహం తిప్పుకొనుచున్నాడు.

4. మా కేంద్రము తరఫున పామిడి సంతలో ఇంకొక గాడిదను కొని తిప్పయ్యకు ఇచ్చితిమి. భద్రమ్మ దాన్ని చూసి, "ఈయప్ప పెండ్లికొడుక్కి అన్ననా, తమ్ముడా?" అని అడిగి, జవాబు వినకుండానే పసుపు పూసింది. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి ఉలవలు తింటాండారు.

5. "బతుకుదెరువు ఒక్కదాని మీదే పెట్టుకోవద్దు" అని మా ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించినాను. సరిగ్గా దాని కిందనే బెంచీ మీద పొద్దస్తమానం తిప్పయ్య కూర్చుంటాండాడు. సలహాకు వచ్చినవాళ్లు ఆయన కథ విని మెల్లగా చెప్పులు తొడుక్కుంటున్నారు. విడపనకల్లు వాళ్లు మాత్రం అదే బెంచీ మీద ఇరుక్కొని, "మా ఊర్లోనూ ఒక పెండ్లి చేయించన్నా" అంటాండారు. నవ్వాల్నో ఏడవాల్నో తెలియకుండా ఉండాది సారూ. నిన్న తిప్పయ్య ఇసుక గంప తానే నెత్తిన పెట్టుకొని గట్టెక్కుతాంటే చూసినాను. నేను చేసిన మేలు ఆయన నెత్తికే వచ్చినాది.

కావున తమరు మరొకసారి మైకు పట్టుకొని, అల్లుడైనా పని చేసుకొని బతకడమే మర్యాద అని సెలవివ్వవలెనని ప్రార్థన. షామియానా, మైకు మా కేంద్రమే ఏర్పాటు చేయును. తిప్పయ్య ఇంటి పొయ్యిని తలచుకొని ఈ మనవి చిత్తగించవలెను.

ఇట్లు,
ఇక పెండ్లి పెద్దరికము జోలికి పోనని మాటిచ్చుచు,
తమ విధేయుడు,
సురేంద్ర

తా.క.: సారూ, ఇది పట్టుకొని మీ ఆఫీసు మెట్లెక్కుతాంటే తిప్పయ్య పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, అర్జీ ఇయ్యాకు. చెనిక్కాయ ఊడలు దిగి కాయ పట్టే దినాలు. ఇంకొక్క పదును వాన పడల్ల. అంతవరకు వాన్ని అల్లునిగానే ఉండనీ. ఇసుక నేను మోస్తాలే" అన్నాడు. ఆయనకు సెంటు భూమి లేదు సారూ! ఎండేదీ పండేదీ ఊరోళ్ల చేను.

అందుకే మీరు ఉత్తర్వు రాసి, సంతకం పెట్టి బల్లలో ఉంచండి. తేదీ మాత్రం వాన పడినాక వేయండి. అంతవరకు ఆఫీసు మూసినాక తిప్పయ్య వెంట రెండో గంప నేను మోస్తా.