ఫ్రిజ్‌లో పై అర

సుశీలా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అప్పట్లో మా పాత ల్యాబ్‌లో, బిలోలి రైతుల ఒంటి తామరకు మా మందు పనిచేయడం లేదని నేనన్నప్పుడు, "మందు మంచిదే, వాళ్లే సరిగ్గ పూస్తలేరు" అని మా డైరెక్టరు అందరిముందూ నవ్వాడు. వాళ్ల చర్మం నుంచి తీసి నేను పెంచిన తామర బూజును పారేయమన్నాడు. నేను సీసాల్లో ఇంటికి తెచ్చాను. నువ్వు "ఇది ఇల్లా, దవాఖానా?" అని తిడుతూనే ఫ్రిజ్‌లో పై అర వాటికి వదిలి, మామిడి తొక్కు జాడీని కింది అరకు దించావు.

మొన్న నాందేడ్‌లోని కొత్త ల్యాబ్‌వాళ్లు సీసాలు పట్టుకెళ్లారు. ఇవాళ ఫోన్ చేశారు. బూజు బతికే ఉందట, ఆ మందుకు చావడం లేదట. ఇక రైతులకు డాక్టర్లు వేరే మందు రాస్తారట.

వెంటనే డైరెక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఇంకా మర్చిపోలేదా నువ్వు?"

"ఇప్పుడు మర్చిపోత సాబ్."

జాడీని మళ్లీ పై అరలో పెట్టాను. అడుగున నీ చేతి తొక్కు ఇంకా కొంచెం ఉంది.