కిటికీలో నీ రణపాల ఆకు

సుమతీ,

నువ్వు పోయాక, మనం వలస వచ్చిన ఈ కాపెల్ ఊళ్లో పడ్డ మొదటి మంచుకి నీ రణపాల మొక్క చచ్చిపోయింది. నువ్వు పెంచినవాటిలో అప్పటికి మిగిలింది అదొక్కటే.

పోయిన నెల చర్చి అయ్యాక మేరీ నా చేతిలో ఒక ఆకు పెట్టింది.

“అన్నయ్యా, వదిన మాకిచ్చిన మొక్కదే ఇది. మట్టి కూడా వద్దు, విండోలో పెట్టండి చాలు. ఆ జర్మన్ కవి కూడా ఫ్రెండ్స్‌కి ఇలాగే ఆకులు పంచేవాడంట కదా! ఎన్నిసార్లు చెప్పి బోర్ కొట్టించిందో వదిన.”

మొక్కంతా ఆకులోనే ఉంటుందని ఆ కవి నమ్మేవాడని నువ్వంటే, విలేకరిని కదా, ఆధారమేదని అడిగేవాణ్ణి.

ఈ ఉదయం సగం నిద్రలో కిటికీ వైపు చూశాను. ఎండకి ఆకు అంచు ఎర్రగా వెలుగుతోంది. అక్కడ రెండు చిన్న మొలకలు వచ్చాయి. నువ్వు వంటింట్లో ఉన్నావనుకుని పిలవబోయాను.

తర్వాత కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, ఆ ఆధారం పక్కనే కాఫీ తాగాను.